తమ్ముడికి, సెషన్ స్టోర్ సంగతి

డబ్లిన్,
ఆదివారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారు మళ్లీ గుంటూరు యార్డుకు వెళ్తున్నారని అమ్మ చెప్పింది. ఎండలు ముదరకముందే ఆయన కళ్లు చూపించు, వాయిదా వేయకు.

ఇక నీ ఆఫీసు సంగతి. విజయవాడలో చేరగానే కోడ్ ఇవ్వకుండా సెషన్ స్టోర్ (సైట్‌లోకి వచ్చినవాళ్ల లాగిన్ వంటి వివరాలు కాసేపు దాచే చోటు) ఇంటర్‌ఫేస్‌కి, అంటే దాన్ని వాడే ఫంక్షన్లకి, డాక్యుమెంటేషన్ రాయమన్నారని చిన్నబుచ్చుకున్నావట. "నాలుగు ఫంక్షన్లేగా, రాయడానికి ఏముంటుంది?" అన్నావట. చాలా ఉంటుందిరా.

బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి హెచ్‌టీటీపీకి జ్ఞాపకం లేదు, ప్రతి రిక్వెస్టూ దానికి కొత్తదే. 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో లూ మాంటులీ కుకీని, అంటే బ్రౌజర్ దాచుకునే చిన్న చీటీని, తెచ్చాక, బ్రౌజర్ దగ్గర ఐడీ ఉంచి, అసలు వివరాలు సర్వర్‌లో దాచడం కుదిరింది. నాన్నగారికి చెప్పాలంటే, రైతు చేతిలో కోల్డ్ స్టోరేజీ బాండు ఉంటుంది, మిర్చి టిక్కీలు లోపల ఉంటాయి.

ఇవాళ మీరు ఫైళ్లలో దాస్తున్న సెషన్లను రేపు ఇంకెవరో రెడిస్ అనే డేటాబేస్‌లోకి మారుస్తారు. అప్పటికి నువ్వు ఆ ఆఫీసులోనే ఉంటావో లేదో. వాళ్లకు దిక్కు నువ్వు రాసిన పేజీయే. "గెట్ ఫంక్షన్ సెషన్‌ను ఇస్తుంది" అని రాస్తే వాళ్లకు ఏం ఒరుగుతుంది? పేరు చూస్తేనే తెలుస్తుందిగా. ఆ ఐడీతో సెషన్ లేకపోతే ఏమొస్తుందో రాయి. పీహెచ్‌పీ భాషలో సెషన్ చదివే ఫంక్షన్ డేటా లేనప్పుడు ఖాళీ స్ట్రింగ్ ఇవ్వాలి. జావాస్క్రిప్ట్‌లో వాడే ఎక్స్‌ప్రెస్ వాళ్ల సెషన్ స్టోర్‌లో అయితే ఎర్రర్ లేకుండా నల్ గానీ అన్‌డిఫైన్డ్ గానీ, అంటే "ఏమీ లేదు" అనే విలువ, ఇవ్వాలి. రెండూ సరైనవే, కానీ రాసి ఉండకపోతే ఎవరికీ తెలియవు.

అన్నిటికంటే నేను పట్టుబట్టేది ఇది: "సెషన్ లేదు" అనడం వేరు, "చదవలేకపోయాను" అనడం వేరు. రెడిస్ కాసేపు ఆగిపోయిందనుకో. స్టోర్ ఎర్రర్ ఇవ్వకుండా "లేదు" అనేస్తే, ఆ క్షణంలో సైట్ వాడుతున్న వాళ్లంతా లాగౌట్ అయినట్టే. డబ్బు కడుతూ మధ్యలో ఉన్నవాళ్ల టెన్షన్ ఊహించుకో. ఈ తేడా కోసం పేజీలో విడిగా ఒక పేరా పెట్టు.

సెషన్ ఎంతసేపు ఉంటుందో, ఆ గడువు కూడా తేలాలి. పీహెచ్‌పీలో మామూలుగా 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. గడువు తీరినవాటిని ఏరేయడానికి అక్కడ జీసీ అని వేరే ఫంక్షన్ ఉంది. రెడిస్ అయితే గడువు పెట్టిన కీలను తనే తీసేస్తుంది, కాబట్టి అక్కడ జీసీ ఏమీ చేయకపోయినా తప్పులేదని స్పష్టంగా రాయి. ఆ గడువు లాగిన్ నుంచి లెక్కా, చివరి క్లిక్ నుంచి లెక్కా అన్నది మీ సీనియర్‌ని అడిగి తేల్చుకో, ఊహించి రాయకు.

ఒకే మనిషి రెండు ట్యాబులు తెరిచి రెండిట్లోనూ ఒకేసారి సేవ్ చేస్తే? పీహెచ్‌పీ ఫైల్ సెషన్లు లాక్ వేస్తాయి కాబట్టి రెండోది ఆగుతుంది. లాక్ లేని స్టోర్‌లో చివరగా రాసింది మిగిలి, ముందుది పోతుంది. మీది ఏ రకమో కోడ్‌లో చూసి రాయి. లాగౌట్ రెండుసార్లు నొక్కితే సెషన్‌ను తుడిచేసే డెస్ట్రాయ్ ఫంక్షన్ ఎర్రర్ ఇస్తుందా లేదా అన్నది ఒక వాక్యం చాలు.

ఉదాహరణల్లో నిజమైన సెషన్ ఐడీ ఎప్పుడూ పెట్టకు. గడువు తీరని ఐడీ దొరికితే చాలు, ఎవరైనా ఆ యూజర్‌గా లోపలికి వెళ్లగలరు. లాగిన్ అవ్వగానే ఐడీ మార్చాలనీ, పాతది చెల్లకూడదనీ కూడా చేర్చు.

సీనియర్‌కి ఇచ్చేముందు నాకు పంపు. వచ్చే శనివారం ఖాళీగానే ఉంటాను, కూర్చుని చదువుతాను. కళ్ల డాక్టర్ ఏమన్నాడో కూడా అందులోనే రాయి, అమ్మ ఫోన్‌లో సరిగా చెప్పదు.

ఇట్లు,
మీ అక్క