శ్రోతల బృందం వార్షిక నివేదిక – 2025

గౌరవ సభ్యులకు నమస్కారం.

మన తెలుగు సంఘం ఆధ్వర్యంలో నెలకొక శనివారం జరిగే సామూహిక శ్రవణానికి ఈ ఏడాది అమెరికా ప్రజా రేడియో సంస్థ ఎన్‌పీఆర్ వారి ‘త్రూలైన్’ పాడ్‌కాస్ట్‌ను ఎంచుకున్నాము. నేటి వార్తల వేళ్లను చరిత్రలో వెతికే ఈ కార్యక్రమం 2019లో మొదలైంది. అమెరికా ఉచ్చారణ అందని మన పెద్దల కోసం పది నిమిషాలకొకసారి ఆపి సారాంశం తెలుగులో చెప్పుకున్నాము. రేడియోవారే అందించే లిఖిత పాఠాన్ని పెద్ద అక్షరాల్లో అచ్చువేసి పంచాము.

అన్నిటికంటే ఎక్కువసేపు సాగినది వాంగ్ కిమ్ ఆర్క్ కథ విన్న సాయంత్రం. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన ఆ వంటవాడు 1895లో చైనా నుంచి తిరిగివస్తే, పౌరుడివి కావంటూ అధికారులు ఓడ దిగనివ్వలేదు. 1898లో సుప్రీంకోర్టు 6–2తో ఆయన పక్షాన తీర్పిచ్చింది. తల్లి తాత్కాలిక వీసాపై ఉండి, తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేకపోతే ఇక్కడ పుట్టిన బిడ్డ పౌరుడు కాదంటూ 2025 జనవరిలో వెలువడిన అధ్యక్షుడి ఉత్తర్వు మనలో చాలామంది ఇళ్లను తాకేదే కనుక, ఆనాడు ఎవరూ దూరపు కథగా వినలేదు. నెలలు నిండుతున్న ఒక సోదరి, ఇక్కడ పుట్టినవారికి పౌరసత్వమిచ్చే అమెరికా రాజ్యాంగ పద్నాలుగో సవరణలోని వాక్యాన్ని మరోసారి చదవమన్నారు. ‘ఇక్కడి చట్టపరిధికి లోబడిన’ అన్న మాట దగ్గర వేలు ఆనించి, వాదమంతా ఈ మాట మీదేనా అని అడిగారు. అవును, ఆనాటి ప్రభుత్వం కూడా, తల్లిదండ్రులు చైనా చక్రవర్తి ప్రజలు కనుక బిడ్డకు ఆ మాట వర్తించదనే వాదించింది.

అఫ్గానిస్తాన్ చరిత్రపై వచ్చి, ప్రసార రంగంలో ఇచ్చే పీబడీ పురస్కారం పొందిన ‘త్రూలైన్’ భాగాలను కూడా విన్నాము. హాలు దొరకక రెండు నెలలు సమావేశం జరగలేదు, అందుకు క్షమాపణలు.

ప్రజా ప్రసారాలకు రెండేళ్లకు కేటాయించిన సుమారు 110 కోట్ల డాలర్లను జులైలో కాంగ్రెస్ రద్దు చేసింది. 1967 చట్టంతో ఏర్పడి ఆ సొమ్మును స్టేషన్లకు పంచుతూ వచ్చిన ‘కార్పొరేషన్ ఫర్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్’ సంస్థ ఆగస్టులో మూసివేత ప్రకటించింది. దెబ్బ ఎన్‌పీఆర్‌పై కంటే చిన్న ఊళ్ల స్టేషన్లపైనే ఎక్కువ. మన స్థానిక స్టేషన్‌కు సాయం చేయాలన్న ప్రతిపాదనపై కార్యవర్గంలో భేదాభిప్రాయం వచ్చింది: రాజకీయ చర్చలు ప్రసారం చేసేవారికి సంఘం నిధి ఇవ్వరాదని కొందరన్నారు. ఆ అభ్యంతరాన్ని గౌరవించి నిధిని ముట్టలేదు. ఇష్టమున్న సభ్యులే విడిగా చందాలు కట్టారు. నా మట్టుకు నాకు, వినేవాళ్లం ఇవ్వకపోతే ఇంకెవరిస్తారన్న భావమే ఉంది.

వచ్చే ఏడాది సారాంశాలు చెప్పడానికి మరో ఇద్దరు కావాలి. ముందుకొచ్చేవారు జనవరి సమావేశంలో పేరు ఇవ్వగలరు.

– కార్యదర్శి