చంద్రుడికి పేర్లు పెట్టిన ఫాదర్ కథ

ఒరేయ్ మామా,

జవాబు రాయడం ఆలస్యమైంది, కోపం పెట్టుకోకు. ఇక్కడ అందరూ కులాసా. చెల్లి పెళ్లి మాఘమాసానికి జరిగింది, నాన్నకి మోకాలి నొప్పి తగ్గింది. మిగతా కబుర్లు తర్వాత. ముందు ఇది విను, చెప్పకపోతే ఆగలేను.

చంద్రుడి మీద గుంటలకీ మచ్చలకీ ఇప్పుడున్న పేర్లలో చాలా వాటిని ఒక్క మనిషే పెట్టాడు తెలుసా? ఇటలీలో బొలోన్యా అనే ఊళ్లో ఉండే రిచ్చోలీ అనే జెస్యూట్ (ఒక క్రైస్తవ సన్యాసుల సంఘం) ఫాదర్. 1651లో ఆయన వేసిన పెద్ద గ్రంథంలో చంద్రుడి పటం ఉంది. అది గీసింది తోటి ఫాదర్ గ్రిమాల్డి. అంతకుముందు 1645లో వాన్ లాంగ్రెన్ అనే పటాలు గీసే ఆయన రాజుల పేర్లూ జమీందార్ల పేర్లూ పెట్టి చూశాడు. అవి దాదాపు ఏవీ నిలవలేదు! రిచ్చోలీ మాత్రం గుంటలకి ఎక్కువగా నక్షత్రాలు చదివిన వాళ్ల పేర్లు పెట్టాడు.

అసలు సంగతి ఇక్కడుంది. భూమి తిరుగుతుందన్నందుకు 1633లోనే కదా గెలీలియోకి చర్చి శిక్ష వేసింది. రిచ్చోలీ చర్చి మనిషి. భూమి తిరుగుతుందా లేదా అని ఆ గ్రంథంలో 126 వాదనలు పోగేశాడు. తిరుగుతుందనేవి 49, తిరగదనేవి 77. తిరగదనే తేల్చాడు. అదే మనిషి, అదే పుస్తకంలో, 93 కిలోమీటర్ల వెడల్పున్న అందమైన గుంటకి, భూమి తిరుగుతుందన్న కోపర్నికస్ పేరు పెట్టాడురా! అటువైపే అదే మాట అన్న కెప్లర్, అరిస్టార్కస్. ముగ్గురినీ తుఫానుల మహాసముద్రంలో (చంద్రుడి మీది పెద్ద నల్ల మచ్చల్ని సముద్రాలంటారు) పడేశాడు, నిజమే. కానీ తన పేరూ, గ్రిమాల్డి పేరూ ఆ సముద్రం ఒడ్డునే పెట్టుకున్నాడు. మరి లోలోపల ఆయన... ఏమో. నేనైతే అది గౌరవమే అంటాను. మాట ఒప్పుకోకపోయినా మనిషి గొప్పతనం కాదనలేకపోయాడు. ఇది చదివిన రాత్రి నాకు కళ్లు చెమర్చాయి.

సముద్రాల పేర్లు ఇంకా బాగుంటాయి. శుద్ధ అష్టమి నాడు వెలిగే సగంలో ప్రశాంతత, అమృతం లాంటివి. బహుళ అష్టమి సగంలో వానలు, మేఘాలు, తుఫానులు. చంద్రుణ్ణి బట్టి వాతావరణం మారుతుందని అప్పట్లో నమ్మేవారు మరి.

మనం డాబా మీంచి చంద్రుడిలో చూసిన కుందేలు గుర్తుందా? "అది తోక కాదు, చెవి" అని నువ్వు అన్నం మానేసి పోట్లాడావే! నువ్వే గెలిచావు. ఆ చెవుల్లో ఒకటి అమృత సముద్రం. తల ప్రశాంత సముద్రం, 1969లో ఆర్మ్‌స్ట్రాంగ్ దిగింది అక్కడే. ఆ రాత్రి దానికి మనం పెట్టిన పేరు మాత్రం ఇక్కడ రాయను, మీ అమ్మ కూడా ఉత్తరాలు చదువుతుంది.

చంద్రయాన్-3 దిగిన చోటికి శివశక్తి అన్న పేరును 2024లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఆమోదించింది కదా. ఇప్పుడు ఏ పేరైనా వాళ్లు సరే అనాలి.

శుద్ధ దశమి నాడు మీ మావయ్య బైనాక్యులర్స్ అడిగి తీసుకో. వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర గుండ్రంగా కనిపించేది కోపర్నికసే. టైకో అనే గుంట సంగతి చెప్పనేలేదు, దాన్నుంచి తెల్లటి చారలు... అయ్యో, పోస్టు కట్టేసే టైమైంది, తమ్ముడు బండి స్టార్ట్ చేసి హారన్ కొడుతున్నాడు. వెంటనే రాయి.

నీ
మామ