కనుబొమల రంగు వల్ల కలిగిన హాని, పెట్టెపై కప్పేసిన హెచ్చరిక గురించి ఫిర్యాదు

ఖమ్మం

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: మీ సంస్థ కొత్తగా విడుదల చేసిన కనుబొమల రంగు వాడినందున కలిగిన హాని.

అయ్యా,

నేను ఖమ్మంలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలిని. థైరాయిడ్ సమస్య వల్ల నాలుగేళ్లుగా నా కనుబొమల చివరలు పలచబడ్డాయి. రోజూ ఉదయం పెన్సిల్‌తో దిద్దుకుని బడికి వెళ్లడం అలవాటైంది గానీ, ఎండాకాలంలో ఆ గీత పదకొండింటికల్లా చెమటకు చెరిగిపోతుంది. ఒక్కసారి వేసుకుంటే రోజుల తరబడి చెరగదన్న మీ ప్రకటన చూసి, 649 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను.

పెట్టెలో రెండు చిన్న ట్యూబులు, ఒక బ్రష్షు, కలుపుకునే చిన్న గిన్నె, వాడే విధానం రాసిన మడత కాగితం ఉన్నాయి. సోమవారం మా అన్నయ్య కూతురి ఓణీల వేడుక ఉన్నందున, శనివారం రాత్రి ఆ కాగితంలో చెప్పినట్టే రెండు ట్యూబుల నుంచి సమానంగా తీసి కలిపి, కనుబొమలకు రాసుకుని, పది నిమిషాలకు తడిగుడ్డతో తుడిచేశాను. రంగు చక్కగా పట్టింది. ఆదివారం సాయంత్రం దురద మొదలైంది. సోమవారం తెల్లవారేసరికి ఎడమ కన్ను తెరుచుకోలేదు. కనుబొమ పొడవునా చిన్న చిన్న నీటి పొక్కులు లేచి, రసి కారి, వెంట్రుకల మీద పసుపు రంగు అట్ట కట్టింది. వేడుకకు బదులు ఆసుపత్రికి వెళ్లాను.

చర్మ వైద్యురాలు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, ఎప్పుడైనా నల్ల మెహందీ పెట్టుకున్నారా అని. పెట్టుకున్నాను, అప్పట్లో చేతి మీద దద్దుర్లు కూడా వచ్చాయి. ఆమె చెప్పడంతో ఇంటికి వచ్చి పెట్టెను పరిశీలించాను. గరిష్ఠ ధర అతికించిన తెల్ల స్టిక్కరు కింద ఇంకేదో అచ్చయి ఉన్నట్టు కనిపించి, మరుగుతున్న నీటి ఆవిరి పట్టి, గోటితో మెల్లగా ఒలిచాను. ఆవగింజంత అక్షరాలతో పదార్థాల జాబితా బయటపడింది. అందులో, నల్ల మెహందీలోనూ కలిపే పారా-ఫెనిలిన్‌డయామిన్ అనే రసాయనం ఉంది. దాని కిందే, ఈ రంగును కనుబొమలకు గానీ కనురెప్పల వెంట్రుకలకు గానీ వాడరాదని, వాడితే చూపు పోయే ప్రమాదం ఉందని ఇంగ్లీషులో హెచ్చరిక ఉంది. పెట్టె ముందువైపు కనుబొమల కోసమే అని పెద్ద అక్షరాలతో వేసి, వెనుకవైపు కనుబొమలకు వాడరాదన్న మాటను స్టిక్కరుతో కప్పిన సరుకును మీరు నా చేత కొనిపించారు.

ఆ హెచ్చరిక మీరు దయతలచి వేసేది కాదు. ఈ రసాయనం కలిసిన జుట్టు రంగులకు లోపలి, బయటి లేబుళ్లు రెండింటి మీదా దాన్ని ఇంగ్లీషుతో పాటు స్థానిక భాషల్లోనూ ముద్రించాలని 2020 నాటి సౌందర్య సాధనాల నియమావళి చెబుతోంది. చెవి వెనుక గానీ ముంజేతి లోపలి వైపు గానీ కొద్దిగా రాసి, 24 గంటలు ఆగి చూసుకునే పరీక్ష విధానం కూడా పెట్టెలో ఉండాలి. మీ మడత కాగితంలో ఆ పరీక్ష ఊసే లేదు, తెలుగులో ఒక్క ముక్క లేదు. ఉండి ఉంటే, మెహందీ అనుభవం ఉన్న నేను ఆ ట్యూబు మూత తీసేదాన్నే కాదు.

మీ ప్రతినిధికి ఫోన్ చేస్తే, తెరిచిన పెట్టెను వెనక్కి తీసుకోబోమని, ఇది నా చర్మ స్వభావం వల్ల వచ్చిన ఇబ్బంది అని చెప్పారు. నా చర్మానికి అది పడదన్నది నిజమే. అలాంటి వారి కోసమే ఆ హెచ్చరిక ఉన్నదని మీ ప్రతినిధికి ఎవరూ నేర్పలేదా? ఒకసారి పడకపోయిన ఈ రసాయనం ఇక జీవితాంతం పడదని, తలకు కూడా అది ఉన్న రంగు వేసుకోవద్దని వైద్యురాలు చెప్పారు. నలభై మూడేళ్ల వయసులో నాకు అది చిన్న నష్టం కాదు.

కాబట్టి ఉత్పత్తి ధర 649 రూపాయలు, వైద్యానికి, మందులకు అయిన 2,840 రూపాయలు చెల్లించాలని, స్టిక్కరు కింద హెచ్చరిక దాగిన పెట్టెలన్నింటినీ దుకాణాల నుంచి, ఆన్‌లైన్ అమ్మకాల నుంచి వెంటనే వెనక్కి తెప్పించాలని, ఇప్పటికే కొన్నవారికి తెలుగులో సమాచారం పంపాలని కోరుతున్నాను. వీటిలో పెట్టెలను వెనక్కి తెప్పించడం నాకు అన్నింటికంటే ముఖ్యం. మా బడిలో పదో తరగతి ఆడపిల్లలు కూడా ఇలాంటివి తెప్పించుకుంటున్నారు. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే, తగిన హెచ్చరిక ఇవ్వని తయారీదారును బాధ్యుణ్ణి చేసే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను; ఔషధ నియంత్రణ అధికారులకూ ఈ పెట్టెను అప్పగిస్తాను.

బిల్లు, మందుల చీటీ, స్టిక్కరు ఒలవక ముందు, ఒలిచాక తీసిన పెట్టె ఫొటోలు జతచేస్తున్నాను. అసలు పెట్టె, మిగిలిన ట్యూబులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఇట్లు,
మీ వినియోగదారురాలు