మంచుకొండకు వెళ్లేవారు ముందు గడియారం చూడాలి

సంపాదకులకు,

చలి తగ్గి ఎండ ముదరని తొలి వసంతంలో మంచుకొండల మీద ఒక్కరోజు నడక గురించి పత్రికల్లో వ్యాసాలు వస్తుంటాయి. వాటిలో ఫొటోలు బాగుంటాయి. దారి ఎన్ని కిలోమీటర్లో, ఏ బూట్లు వేసుకోవాలో రాస్తారు. ఎన్ని గంటలకు బయల్దేరాలి, ఎన్నింటికల్లా వాలు దిగిపోవాలి అన్నది మాత్రం కనబడదు. వసంతపు మంచు మీద నడిచేవాడికి మొట్టమొదట కావలసింది ఆ సంగతే.

రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే మంచు పైభాగం తనలోని వేడిని పైకి వదిలేసి గట్టి పెచ్చు కడుతుంది. తెల్లవారుజామున ఆ పెచ్చు మనిషి బరువును సులువుగా మోస్తుంది. ఎండ తగిలాక పైన రెండు మూడు సెంటీమీటర్లు మెత్తబడి అడుగుకు మంచి పట్టు దొరుకుతుంది. నడకకు అదే మేలైన వేళ, కానీ అది ఎక్కువసేపు ఉండదు. పొద్దెక్కేకొద్దీ కరిగిన నీరు లోపలికి ఇంకి, మంచు గింజలను పట్టి ఉంచిన అతుకులు కరిగిపోతాయి. ఇక మంచు జావే. కాలు మోకాలి దాకా దిగబడుతుంది. నిటారు వాలైతే పైనుంచి తడిమంచు చరియలుగా జారుతుంది.

మబ్బు పట్టిన రాత్రి ఈ లెక్క తప్పుతుంది. మబ్బు దుప్పటిలా వేడిని పోనివ్వదు. తెల్లారేసరికి చలిగానే అనిపించినా పెచ్చు పలచగా ఉంటుంది, మామూలుకన్నా ముందే చితికిపోతుంది. అందుకే పొద్దున ఫోన్‌లో ఉష్ణోగ్రత చూసుకుని ధీమా పడేకన్నా, రాత్రి చుక్కలు కనబడ్డాయా లేదా అన్నది చూడటం మేలు. తడిమంచులో బూటు పై అంచు దాటి కాలు దిగబడుతోందంటే ఆ రోజుకు నిటారు వాలుల జోలికి పోకూడదు.

ఏ వాలు ఎప్పుడు పాడవుతుందో సూర్యుడే చెబుతాడు. ఉత్తరార్ధగోళంలో ముందు తూర్పు వాలు, తర్వాత దక్షిణం, మధ్యాహ్నం దాటాక పడమర. ఉత్తరపు వాలు మీద ఎండ సరిగా పడదు కాబట్టి అక్కడ చలికాలపు పొడిమంచు వసంతంలోనూ మిగిలి ఉండవచ్చు. దాని ప్రమాదం వేరు, దానికి ఈ గడియారం పనికిరాదు. మంచుచరియలు ఎక్కువగా విరిగిపడేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద. నడక కర్రను వాలు వెంబడి మంచు మీద పడుకోబెట్టి దానిపై కోణం కొలిచే యాప్ తెరిచిన ఫోన్ పెడితే కోణం తెలుస్తుంది. మీరున్నచోట 20 డిగ్రీలే కావచ్చు, తలపైన 38 డిగ్రీల వాలు వేలాడుతుంటే ఆ 20కి విలువ లేదు. రాళ్ల పక్కనుంచి మంచు ఉండలు వాటంతటవే దొర్లుతున్నా, కాలి కింద ‘ధబ్’ మని గుల్ల చప్పుడు వచ్చినా, అడుగు ముందు గీతలా పగులు పరిగెత్తినా వెనక్కి తిరగాల్సిందే.

ఇక సమయం లెక్క. గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట అని స్కాట్లండ్ పర్వతారోహకుడు నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. రానుపోను 8 కిలోమీటర్లు, 700 మీటర్ల ఎక్కుడు అయితే దాదాపు రెండు ముప్పావు గంటలు. ఇది మంచు లేని దారికి. మంచు మీద దాన్ని రెట్టింపు చేసుకోవాలి, అంటే అయిదున్నర గంటలు. పదిన్నరకల్లా దిగాలంటే అయిదింటికే మొదలుపెట్టాలి. రెట్టింపు అతి అనేవారున్నారు. దిగబడే మంచులో అదీ చాలదు. శిఖరం ఎంత దగ్గరగా కనబడినా ఇన్నింటికి వెనక్కి తిరుగుతాం అని బృందమంతా ముందురోజు రాత్రే ఒప్పుకోవాలి. పైకెళ్లాక ఆ చర్చ పెడితే ఎప్పుడూ శిఖరమే గెలుస్తుంది.

సామాన్లలో ఎక్కువమంది పొరబడేది మైక్రోస్పైక్స్ దగ్గర. రబ్బరు పట్టీకి చిన్న ముళ్లున్న ఈ తొడుగులు నలిగిన కాలిబాటకు చాలు. గట్టి పెచ్చున్న ఏటవాలు మీద అడ్డంగా నడిస్తే రబ్బరు సాగి బూటు పక్కకు జారుతుంది. అక్కడ పది పన్నెండు ముళ్ల క్రాంపాన్లు, అంటే బూటు కింద బిగించే లోహపు ముళ్ల చట్రాలు కావాలి. వాటిని ముందే అదే బూటుకు, చేతులకు గ్లోవ్స్ ఉంచుకునే బిగించి చూసుకోవాలి. మెత్తటి అట్టున్న బూటు నుంచి క్రాంపాన్ ఊడివస్తుంది. ఎండెక్కాక తడిమంచు ముళ్ల మధ్య ముద్ద కట్టి, ముళ్లు నేలకు తగలడం మానేస్తాయి. కింద ప్లాస్టిక్ పలకలున్నా సరే, మధ్యమధ్య ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) కర్రతో బూటు పక్కన తట్టి ముద్ద రాల్చాలి. దిగేటప్పుడు సరదాగా కూర్చుని జారేవారు క్రాంపాన్లు విప్పి తీరాలి. ఒక్క ముల్లు మంచులో గుచ్చుకుంటే చీలమండ విరుగుతుంది.

గట్టి వాలు మీద జారితే నడక కర్ర ఆపలేదు. ఐస్ యాక్స్ తల భుజం దగ్గర, కర్ర ఛాతీకి అడ్డంగా, రెండో చెయ్యి కింది మొన దగ్గర ఉంచి, బోర్లా తిరిగి గొడ్డలి తలకున్న మొనదేలిన ముక్కు మంచులో దిగేలా ఛాతీ బరువంతా వెయ్యాలి. క్రాంపాన్లుంటే పాదాలు పైకెత్తాలి, లేకపోతే అవి తగులుకుని మనిషి పల్టీ కొడతాడు. ఇది చదివితే రాదు. కింద చదునుగా, రాళ్లు లేకుండా ఉన్న చిన్న వాలు మీద క్రాంపాన్లు లేకుండా పదిసార్లు చేస్తే వస్తుంది.

బండలు, చెట్ల మొదళ్ల చుట్టూ మంచు లోపలినుంచి కరిగి గుల్ల అవుతుంది, రెండు మీటర్లు ఎడంగా నడవడం మంచిది. వాగుల మీది మంచు వంతెన పొద్దున మోసినంత మాత్రాన తిరుగు దారిలో మోస్తుందని కాదు. కొండకొమ్మున గాలి పేర్చిన మంచు చూరు మీరనుకున్నదానికన్నా బాగా వెనక్కి విరుగుతుంది.

మంచు తన మీద పడిన అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. అందువల్ల గడ్డం కింద, ముక్కుపుటాల లోపలి అంచున కూడా సన్‌స్క్రీన్ రాయాలి. కళ్లద్దాలు వెలుతురును ఆపే స్థాయిలో మూడో లేక నాలుగో కేటగిరీవి, పక్కలు మూసినవి కావాలి. నాలుగో కేటగిరీ పెట్టుకుని బండి నడపకూడదు. కళ్లు దెబ్బతిన్న సంగతి అక్కడ తెలియదు, కొన్ని గంటల తర్వాత ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. బట్టల్లో నూలు వద్దు, తడిస్తే ఆరదు. నీళ్లసీసా తలకిందులుగా పెట్టుకుంటే పైన కట్టే ఐసు మూత దగ్గర కాకుండా అడుగున చేరుతుంది.

చరియలు పడే వాలులకు వెళ్లేవారు ప్రతి ఒక్కరూ ట్రాన్స్‌సీవర్ (పూడినవారి జాడ తెలిపే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార తీసుకెళ్లాలి. పూడిపోయినవారు బతికే అవకాశం పది పదిహేను నిమిషాలు దాటాక వేగంగా పడిపోతుంది కనుక తీసేది పక్కనున్నవారే, బయటినుంచి వచ్చే సహాయం కాదు.

మీరు ఇకపై వేసే వ్యాసాల పక్కన చిన్న పెట్టె కట్టి, దారి ఏ దిక్కు వాలు మీదుగా వెళ్తుంది, అన్నింటికన్నా నిటారైనచోట ఎన్ని డిగ్రీలు, ఎన్నింటికల్లా దిగాలి అన్న మూడు వివరాలు ఇవ్వండి. అందుకోసం ఫొటో కాస్త చిన్నదైనా ఫర్వాలేదు.

– మంచుకొండల నడక శిక్షకులు