నొప్పి మాత్ర ఒక పేజీలో, విరేచనం మాత్ర ఇంకో పేజీలో

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ హెల్త్ పేజీలో ఒక వారం మోకాళ్ళ నొప్పులు, ఇంకో వారం మలబద్ధకం అని విడివిడిగా రాస్తుంటారు, బానే ఉంటాయి గానీ వయసు మళ్ళిన వాళ్ళకి ఆ రెండూ కలిసే ఉంటాయి కదండీ. రెండు మందులూ ఒకే ఒంట్లోకి పోతే ఏంటి సంగతి అన్నది మాత్రం నాకైతే ఎక్కడా కనపడలేదు.

మా నాన్నగారు మోకాళ్ళకి డైక్లోఫెనాక్ వేసుకునేవారు, మోషన్ కాకపోతే బిసకోడిల్. నీళ్ళు తాగమంటే మాటిమాటికీ బాత్రూంకి లేవాలని తాగరు. ఒకసారి నీళ్ళ విరేచనాలై నీరసపడ్డారు, ఒళ్ళు నొప్పులంటూ మళ్ళీ డైక్లోఫెనాకే వేసుకున్నారు, టెస్ట్ చేయిస్తే క్రియాటినిన్ (కిడ్నీ సరిగ్గా పనిచేయకపోతే రక్తంలో పెరిగేది) పెరిగిపోయింది!

డాక్టర్ గారు చెప్తే అప్పుడు అర్థమైంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కూడా కిడ్నీకి రక్తం అందేలా చూసేవి ప్రోస్టాగ్లాండిన్లంట, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్ లాంటివి నొప్పి తగ్గించేదే వాటిని ఆపి. అంటే విరేచనాలతో నీరు పోతున్న టైంలోనే కిడ్నీకి ఉన్న ఆసరా కూడా తీసేస్తున్నాం అన్నమాట. పైన కొన్ని రకాల బీపీ మాత్రలు, ఒంట్లో నీరు తీసే మాత్రలు ఉంటే ఇంకా కష్టం.

ఇదేం కొత్త సంగతి కాదు, 2014లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సోడియం ఫాస్ఫేట్ విరేచనం మందు 24 గంటల్లో ఒక్క డోసు దాటొద్దని హెచ్చరించింది, 55 దాటినవాళ్ళు, ఐబుప్రోఫెన్ లాంటివి వాడేవాళ్ళు ముందు డాక్టర్ని అడగాలని కూడా చెప్పింది. మెగ్నీషియం ఉన్న విరేచనం మందులైతే కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళ రక్తంలో ఆ మెగ్నీషియం పేరుకుపోతుంది.

ఇంకోటి, నొప్పి మాత్రతో కడుపులో మంటని యాంటాసిడ్ తాగుతారు చూడండి, బిసకోడిల్‌కి ముందూ వెనకా ఓ గంట అది పడకూడదు, మాత్ర పైపూత పొట్టలోనే కరిగి మెలిపెట్టేస్తుంది (పాలతో వేసుకున్నా అంతే, మేం పాలతోనే ఇచ్చేవాళ్ళం!). మలం నల్లగా తారులా వస్తే అది విరేచనం మాత్ర వల్లే అనుకుని ఊరుకోకూడదు, నొప్పి మాత్రలకి పొట్టలో పుండు పడి రక్తం కారుతున్నా అలాగే వస్తుంది, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

ఈసారి మోకాళ్ళ నొప్పుల గురించి వేసినప్పుడు పక్కనే చిన్న బాక్స్ కట్టి ఇవన్నీ వేయండి సార్. నాన్నగారికి డైక్లోఫెనాక్ ఆపించి పారాసిటమాల్ ఇచ్చారు, క్రియాటినిన్ దిగింది. నీళ్ళ దగ్గర పేచీ మాత్రం రోజూ ఉన్నదే.

ఇట్లు,
మీ పాఠకురాలు