మూడు నెలలుగా మీ దగ్గరే ఉన్న మా గిటారు గురించి

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

అయ్యా,

ఇంతకు ముందు మీ సంస్థకు ఆరు మెయిళ్లు రాశాను. ఒక్కదానికీ మనిషి రాసిన జవాబు రాలేదు. అందుకే ఈ ఉత్తరం కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. ఎవరో ఒకరు సంతకం పెట్టి తీసుకోక తప్పదు.

మార్చి మొదటి వారంలో చెన్నై మౌంట్ రోడ్డులోని మీ దుకాణంలో, పాత వాద్యాల విభాగంలో ఒక ఎలక్ట్రిక్ గిటారు కొన్నాను. 1960లలో జపానులో తయారైన టైస్కో కంపెనీ గిటారు అది. ధర 16,500 రూపాయలు. సెటప్ చేసి, అంటే తీగలూ శ్రుతీ సరిచేసి ఇస్తామని మరో 2,500 తీసుకుని వేరే రసీదు ఇచ్చారు. గిటారు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ రోజుల్లో అమెరికాలోని పెద్ద దుకాణాలు తమ పేర్లు వేసుకుని అమ్ముకున్న చవక వాద్యాలు అవి. ఇన్నేళ్ల వస్తువుకు తీగలు ఎత్తుగా ఉండడం, మెడ మీద పన్నెండో ఫ్రెట్టు (మెట్టు) దాటితే శ్రుతి తప్పడం, వాల్యూమ్ నాబ్ గరగరలాడడం సహజం. అన్నీ చూసే కొన్నాను. వాటిని సరిచేయడానికే మీరు ఆ 2,500 తీసుకున్నారు.

ఆ గిటారు నాకోసం కాదు, మా నాన్నగారికోసం. తెలుగు పాటలు మద్రాసులోనే రికార్డయిన రోజుల్లో ఆయన కోడంబాకం రికార్డింగ్ థియేటర్లలో గిటారు వాయించారు. పరిశ్రమ హైదరాబాదుకు తరలిపోయాక పని తగ్గింది. అక్క పెళ్లి ఖర్చుకు తన గిటారు అమ్మేశారు. ఇప్పుడు ఆయనకు డెబ్బై ఆరేళ్లు, వేళ్లకు కీళ్ల నొప్పులు. తీగ ఒక్క మిల్లీమీటరు ఎత్తు ఎక్కువైనా నొక్కలేరు. ఈ సంగతి మీ కౌంటరులోని అబ్బాయికి వివరంగా చెప్పాను. రాసుకున్నాడు కూడా.

రెండు వారాల తర్వాత గిటారు ఇంటికి వచ్చింది. కొత్త తీగలు వేశారు, అంతే. తీగలను మోసే బ్రిడ్జి కింద పాత దుమ్ము అలాగే ఉంది. నాన్నగారు కొన్ని తీగలు కలిపి నొక్కి ఒక్క కార్డ్ పట్టుకుని, చెయ్యి విదిలించుకుని, ఏమీ అనకుండా పెట్టెలో పెట్టేశారు.

మీ సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. మొదట మాట్లాడిన అమ్మాయి ఫిర్యాదు సంఖ్య ఇచ్చి, 48 గంటల్లో ఫోన్ వస్తుందని చెప్పింది. రాలేదు. ఐదో రోజు నేనే చేస్తే మరొకరు ఎత్తి, కథంతా మొదటి నుంచి చెప్పించుకుని, గిటారు ఫొటోలు పంపమన్నారు. పంపాను. వారం తర్వాత ఇంకొకరు అవే ఫొటోలు మళ్లీ అడిగారు. మళ్లీ పంపాను. నాలుగో ఆయన మాట మాత్రం నేను మరచిపోలేను. మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీని, ట్రస్ రాడ్‌ను మీరే కాస్త బిగించుకోండి, తీగలు దిగుతాయి అన్నారు. మా గిటారు మెడలో ఉన్నది కదలని ఇనుప పట్టీ. బిగించడానికి నట్టే లేదు. నేను రెండుసార్లు పంపిన ఫొటోల్లో ఆ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. అంటే వాటిని ఒక్కరూ తెరిచి చూడలేదు.

ఏప్రిల్‌లో సెలవు పెట్టి, నాన్నగారిని వెంటబెట్టుకుని గిండీలోని మీ సర్వీసు కేంద్రానికి వెళ్లాను. గంటసేపు ఆయనను నిలబెట్టారు. కుర్చీ అడిగితే లేదన్నారు. చివరికి వచ్చిన యువకుడు గిటారు వైపు ఒకసారి చూసి, ‘‘పాత సరుకు, ఇంతకంటే బాగుపడదు’’ అన్నాడు. నాన్నగారు ఓపికగా చెప్పారు: మెడను పట్టి ఉంచిన మరలు విప్పి, లోపలి అంచున పలుచని చెక్క ముక్క పెడితే మెడ కొద్దిగా వెనక్కి వాలి తీగలు దిగుతాయి, బ్రిడ్జిని వెనక్కీ ముందుకీ జరిపితే శ్రుతి కుదురుతుంది, నాబ్ లోపల కాంటాక్ట్ క్లీనర్ కొడితే గరగర పోతుంది. చేతులు వణకకపోతే ఒక పూటలో ఆయనే చేసుకునేవారు. ఆ అబ్బాయి ఆయన మాట్లాడుతుండగానే ఫోను చూసుకుంటూ, పెట్టి వెళ్లమన్నాడు.

పెట్టి వచ్చాం. మే నెలలో సందేశం వచ్చింది: ‘మీ సమస్య పరిష్కారమైంది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?’ గిటారు మాత్రం ఇప్పటికీ మీ దగ్గరే ఉంది. అడిగితే దుకాణం వాళ్లు గిండీకి వెళ్లమంటారు, గిండీ వాళ్లు దుకాణంలో అడగమంటారు.

ముప్పై ఏళ్లుగా మా ఇంటికి ప్రతి వాద్యం మీ దగ్గరే కొన్నాం. అక్క వయొలిన్, నా కీబోర్డు, ఇప్పుడు మా పాప ఉకులేలే. నాన్నగారి తోటి వాద్యకారులు ఎందరినో ఆయనే స్వయంగా మీ దుకాణానికి తీసుకువచ్చారు. అలాంటి మనిషికి మీ దగ్గర ఒక కుర్చీ దొరకలేదు. నాకు కడుపు మండుతున్నది అందుకే.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం డబ్బు తీసుకుని చేయని పని సేవాలోపమే. నేను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఇప్పటికే ఫోన్ చేశాను. పదిహేను రోజుల్లో గిటారు సరిగ్గా సెటప్ అయి ఇంటికి చేరాలి. లేదంటే మొత్తం 19,000 రూపాయలు తిరిగి ఇవ్వాలి. అది కూడా జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కలుద్దాం.

డబ్బు తిరిగి ఇచ్చి చేతులు దులుపుకోవచ్చని మాత్రం అనుకోకండి. బాధ్యత గల మనిషి ఒకరు మా నాన్నగారికి స్వయంగా ఫోన్ చేసి క్షమాపణ చెప్పాలి. ఆయన నంబరు మీ రసీదు మీదే ఉంది. మీరు 48 గంటలన్న నాటి నుంచి ఆయన రోజూ సాయంత్రం ఫోను పక్కనే కూర్చుంటున్నారు.

ఇట్లు,
మీ పాత కొనుగోలుదారు,
వడపళని, చెన్నై