పది రూపాయల బిళ్ల, జీవో నంబరు

సంపాదకుడు గారికి నమస్కారం.

తెనాలిలో మాది చిన్న కిరాణా కొట్టు. మొన్న ఒకావిడ అరకిలో కందిపప్పు తీసుకుంది. చిల్లర కింద రెండు పది రూపాయల బిళ్లలు ఇస్తే వెనక్కి నెట్టేసింది. ‘‘ఇవి చెల్లవంట కదండీ’’ అంది. ఎవరన్నారమ్మా అంటే, ‘‘అందరూ అంటున్నారు’’ అంది.

కోప్పడదామనుకున్నాను గానీ నాకా అర్హత లేదు. ఒకప్పుడు రెండేళ్లపాటు నేనే ఆ బిళ్లలు తీసుకోలేదు. పది గీతలుంటే అసలుది, పదిహేనుంటే దొంగది అని వాట్సాప్‌లో వచ్చింది. గల్లాపెట్టె ముందు కళ్లజోడు పెట్టుకుని గీతలు లెక్కపెట్టి, వచ్చినవాళ్లను తిప్పి పంపినవాణ్ని.

సెలవులకొచ్చిన మా అమ్మాయి రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్ తెరిచి 2018 జనవరి 17 నాటి ప్రకటన చూపించింది. అప్పటిదాకా 14 డిజైన్లలో పది రూపాయల నాణేలు వచ్చాయి, అన్నీ చెల్లుతాయి అని అందులో స్పష్టంగా ఉంది. రూపాయి గుర్తు 2011 నుంచి నాణేలపైకి వచ్చింది కాబట్టి అంతకుముందువి వేరేగా ఉంటాయి, అంతే. ఆ పిల్లకు ఇదంతా రెండు నిమిషాల పని. నేను రెండేళ్లు చేయలేదు.

అప్పట్నుంచి ఒక అలవాటు పెట్టుకున్నాను. మెసేజ్‌లో ఎవరి పేరు చెబితే వాళ్ల సొంత గుమ్మం దగ్గరికే వెళ్లి చూడటం. కలెక్టర్ చెప్పారంటే జిల్లా వెబ్‌సైట్. ప్రభుత్వానివైతే వెబ్‌సైట్ చిరునామా చివర చాలావరకు ‘గవ్ డాట్ ఇన్’ ఉంటుంది. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు చివరికల్లా ‘బ్యాంక్ డాట్ ఇన్’కు మారాలని రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది. (తనది మాత్రం ‘ఓఆర్‌జీ డాట్ ఇన్’!) ఈ తోక చూడకే మా బావమరిది దెబ్బతిన్నాడు. బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతికి, మొదట కనిపించినదానికి ఫోన్ చేశాడు. పద్దెనిమిది వేలు పోయాయి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయాలని తెలిసేసరికి మర్నాడైంది. అసలు నంబరు ఆయన జేబులోని ఏటీఎం కార్డు వెనకాలే ఉంది.

వీడియోలు ఇంకో తలనొప్పి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా చెల్లెలు వాళ్లు విజయవాడ సింగ్‌నగర్‌లో ఉన్నారు. వరద తీస్తోందనగా ‘మళ్లీ కట్ట తెగింది’ అంటూ మా కుటుంబం గ్రూపులో ఒక వీడియో. రెండు బాణాల గుర్తు, అంటే ఎన్నో చేతులు మారి వచ్చినదన్నమాట. చెల్లెలికి ఫోన్ కలవదు, ఇంట్లో ఒకటే టెన్షన్. వీడియో ఆపి చూస్తే నీళ్లలో ఆటో నంబరు ప్లేటు మీద ‘కేఎల్’ అని ఉంది. కేరళ! ఆ బొమ్మను స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో పెడితే, ఏళ్ల కిందటి వీడియో అని తేలింది. నేనిప్పుడు వీడియోలో మనుషుల్ని చూడను. బోర్డుల మీద భాష, బండ్ల నంబర్లు చూస్తాను.

ఇక మీకు రాయడానికి అసలు కారణం. ఈ అలవాటుతో నేను ఎక్కువసార్లు చతికిలపడేది మెసేజ్‌ల దగ్గర కాదు, పత్రికల దగ్గర. ‘ప్రభుత్వం ఉత్తర్వులు జారీ చేసింది’ అని రాస్తారు. ఏ జీవో, ఏ శాఖ, ఏ తేదీ అన్నది ఉండదు. ‘ఒక అధ్యయనంలో తేలింది’ అంటారు. ఎవరు చేశారో ఉండదు. పింఛను గురించి మా వీధిలో ఇద్దరు కొట్టుకునేంత పనైతే, మీ పేపరే ముందు పెట్టుకుని కూడా తగువు తీర్చలేకపోయాను. జీవో నంబరు చెప్పమని మావాడు ఫోన్‌లో ఏఐని అడిగితే, తడుముకోకుండా నంబరూ తేదీ చెప్పేసింది. వెళ్లి చూస్తే ఆ నంబరుతో ఉన్నది వేరే శాఖలో ఎవరిదో బదిలీ ఉత్తర్వు.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టులో జీవోలను వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేసినప్పుడు, జనానికి తెలుసుకునే హక్కు లేదా అని పత్రికలు గట్టిగానే అడిగాయి. 2024లో మళ్లీ పెట్టడం మొదలైంది. మరి ఆ కాగితం దాకా మేం వెళ్లాలంటే నంబరు కావాలి కదా. ఒక్క లైను చోటు చాలు. విలేకరి చేతిలో ఆ కాగితం ఉండే ఉంటుంది. లేకుండా రాశారంటే అదింకో సమస్య.

చివరిగా చిన్న కోరిక. రిజర్వు బ్యాంకు ప్రకటనను ప్రింటు తీసి కొట్లో అంటించాను గానీ, ఇంగ్లీషులో ఉండటంతో ఎవరూ చదవడం లేదు. పది రూపాయల నాణెం గురించి తెలుగులో ఒక చిన్న బాక్సు ఐటం వేయండి, ఆ ప్రకటన తేదీతో సహా. కత్తిరించి తక్కెడ పక్కనే అంటిస్తాను.

— ఒక కిరాణా వ్యాపారి, తెనాలి